తోస్తేనే కదిలేదాన్ని

నేను ఒక గడ్డి కోసే యంత్రాన్ని. పెట్రోలు తాగుతాను, పచ్చిక మేస్తాను, పగ మాత్రం అరిగించుకోలేను. మీరు జాలిపడాలని ఈ కథ చెప్పడం లేదు. ఒక పెద్దమనిషి మీద నేను కసి తీర్చుకున్నాను. ఆ సంగతి ఎవరికో ఒకరికి చెప్పుకుంటే తప్ప నాకు మనశ్శాంతి లేదు.

ఆ పెద్దమనిషి పేరు ముక్కామల విశ్వపతిరావు. విశాఖపట్నంలో సముద్రపు గాలి తగిలే ఒక పాత క్లబ్బుకు సెక్రటరీ. ఆయన సంగతికి వస్తాను. ముందు నా పుట్టుక.

మాలో రెండు జాతులున్నాయి. ఇంజను, అడుగున గిర్రున తిరిగే కత్తి, నాలుగు చక్రాలు ఇద్దరికీ ఉంటాయి. అయితే ఒక జాతికి ఇంజను కత్తితో పాటు చక్రాలను కూడా తిప్పుతుంది. హ్యాండిల్ మీద మీట నొక్కిపట్టి వెనకాల నడిస్తే చాలు, అదే ముందుకు పోతుంది. రెండో జాతికి ఇంజను కత్తిని మాత్రమే తిప్పుతుంది, చక్రాలు కదలాలంటే మనిషి తోయాలి. నేను ఈ రెండో జాతి. ఫ్యాక్టరీలో ఎర్ర రంగు వేసి అట్టపెట్టెలో కూర్చోబెట్టేటప్పుడు, మా ఇద్దరిలో ఎవరు గొప్ప అని ఎవరూ అడగలేదు. ఆ గొడవంతా మనుషుల చేతిలో పడ్డాకే మొదలైంది.

నన్ను మొదట కొన్నది నేవీలో పనిచేసి రిటైరైన కమాండర్ వేమూరి గారు. ఆదివారం వస్తే ఆయన లుంగీ ఎగ్గట్టి తాడు లాగేవారు. నేను ఒక్క లాగుకే అందుకునేదాన్ని. పక్కింటాయన గోడ మీంచి తొంగిచూసి, దానంతటదే నడిచే మిషను కొనుక్కోవచ్చు కదా అంటే, కమాండర్ గారు "నడక నాకు కావాలి గానీ దానికెందుకయ్యా?" అనేవారు. అంత మంచి మాట నా గురించి మళ్ళీ ఎవరూ అనలేదు. ఆయన పోయాక వాళ్ళ బంగళా స్థలంలో అపార్టుమెంట్లు లేచాయి. పచ్చిక పోయింది కాబట్టి నేనూ దండగే. వాళ్ళావిడ నన్ను క్లబ్బుకు ఇచ్చేశారు.

క్లబ్బులో నన్ను తోసినవాడు దాలినాయుడు. తోటపని అంతా అతనిదే. పంపుహౌసు వెనక ఒంటిగదిలో భార్యతో కాపురం. ఆ గది ఉద్యోగంతో వచ్చింది, ఉద్యోగంతోనే పోతుంది. నా రంగు చూసి నాకు ఎర్రమ్మ అని పేరు పెట్టాడు. పని అయ్యాక పక్కకు వంచి అడుగున అంటిన గడ్డిముద్దంతా గీకి, చక్రాలకు నూనె పెట్టేవాడు. "తిన్నావా తల్లీ, కడుపు నిండినాదా?" అని కబుర్లు చెప్పేవాడు. మాట్లాడని దానితో మాట్లాడేవాళ్ళను లోకం పిచ్చివాళ్ళంటుంది. నాకైతే వాళ్ళే మనుషులు.

ఇక విశ్వపతిరావు గారు. మనిషి తెల్లగా, ఇస్త్రీ నలగకుండా ఉంటారు. ఆయనకు రెండు పిచ్చులు. ఒకటి గులాబీలు. క్లబ్బు పచ్చిక పైనుంచి కిందికి మెల్లగా వాలుతూ పోయి ఒక గులాబీ మడి దగ్గర ఆగుతుంది. ఆ మడి ఆయన సొంత సామ్రాజ్యం. అక్కడి పూలను ప్రతి ఏడూ పూల ప్రదర్శనలో పోటీకి పెడతారు, ప్రతి ఏడూ ఆయన గులాబీకే కప్పు. రెండో పిచ్చి ఫొటో. క్లబ్బులో ఏం జరిగినా మధ్యలో ఆయన నిలబడి నమస్కారం పెడుతున్న ఫొటో ఒకటి గోడకెక్కాలి.

ఆ సంవత్సరం ఆయనకు కొత్త యంత్రం కొనాలనిపించింది. పక్క క్లబ్బులో దానంతటదే నడిచేది వచ్చిందని విన్నారు, ఇక ఆగలేకపోయారు. కమిటీలో క్లబ్బు ఉపాధ్యక్షురాలు డాక్టర్ హైమవతి గారు మాత్రం అడ్డం తిరిగారు.

"మన పచ్చిక వాలుగా ఉంది కాబట్టి నడిచేది సుఖమే, కాదనను. కానీ మన దగ్గర మూలలు ఎక్కువ, మడులు ఎక్కువ. ఇటు తిప్పాలి, అటు తిప్పాలి. అలాంటిచోట తోసేదే మాట వింటుంది. తేలిక, రిపేర్లు తక్కువ. ఉన్నది బాగానే పనిచేస్తోంది కదండీ!"

"బాగా పనిచేస్తోందా? చూపిస్తాను రండి," అన్నారు సెక్రటరీ గారు.

ఆ పరీక్ష గుర్తొస్తే ఇప్పటికీ నా ఇంజను వేడెక్కుతుంది. దాలినాయుడిని ఏదో పని మీద బజారుకు పంపేశారు. ముందురోజు కురిసిన వానకు పచ్చిక తడిసి ముద్దగా ఉంది. నా కత్తిని ఎంత కిందికి దించవచ్చో అంతా దించారు, నేలను నాకేటట్టు. కోసిన గడ్డి పడే సంచి అప్పటికే నిండుగా ఉంది, దాన్ని ఖాళీ చెయ్యలేదు. అలా కట్టిపడేసి, వాలుకు కింద నిలబెట్టి, కమిటీ అంతా చూస్తుండగా ఆయనే నన్ను పైకి తోశారు. ఏ యంత్రం కదులుతుందండీ? నేను రెండడుగులు వేసి, తడిగడ్డి గొంతుకడ్డం పడి, దగ్గి ఆగిపోయాను.

ఆయన చేతులు దులుపుకున్నారు. "చూశారా డొక్కు! ఈ కాలంలో తోసే బండి ఏమిటండీ, అనాగరికం!"

అందరూ నవ్వారు. నవ్వితే నవ్వారు, ఆయన అక్కడితో పోనివ్వలేదు. "కొత్తది దానంతటదే నడుస్తుంది. దసరా దాటాక ఇక తోసేవాడు కూడా అక్కర్లేదు. వాచ్‌మన్ చూసుకుంటాడు" అన్నారు. నడిచే యంత్రం వెనక కూడా ఒక మనిషి నడవాలని, మూల దగ్గర తిప్పేది ఆ మనిషేనని ఆయనకు తట్టలేదు. దానంతటదే అంటే పాలేరులా పొద్దున్నే లేచి తన పని తాను చేసుకుపోతుందనుకున్నారు కాబోలు.

సాయంత్రం ఆ మాట దాలినాయుడి చెవిన పడింది. షెడ్డులోకి వచ్చి నా పక్కన కూలబడ్డాడు. నా కత్తి నేలకు దిగి ఉండటం, సంచి నిండి ఉండటం చూశాడు. మెల్లగా కత్తిని పైకి ఎత్తి, సంచి దులిపాడు.

"పండగెల్తే మనిద్దరం ఎలిపోవాల్నంట ఎర్రమ్మా. నువ్వు పాత సామాన్లోకి, నాను రోడ్డు మీదకి. గది ఒగ్గీమన్నారు. ఇంటిదానికి ఏటని సెప్పను?"

అప్పుడు పట్టాను పగ. నాకు పళ్ళు లేవు, కొరుక్కోవడానికి. ఉన్నది ఒక కత్తి, అదీ నేల వైపు తిరిగి ఉంటుంది. ఎవరైనా తోస్తే తప్ప అంగుళం కదల్లేని దాన్ని, ఆయన్ను ఏం చెయ్యగలను? అయినా సరే, సమయం రాకపోతుందా, చూస్తాను అనుకున్నాను.

కొత్తది వచ్చింది. పచ్చ రంగు, వెడల్పు చక్రాలు, ఒళ్ళంతా నిగనిగ. షెడ్డులో నా పక్కనే పెట్టారు. దానితో నాకేమీ తగాదా లేదు, పసిది. అయినా పలకరించబుద్ధి కాలేదు.

ఆయుధ పూజ రోజున కొత్తదానికి పసుపు కుంకుమలు పెట్టి, పచ్చిక పై భాగాన నిలబెట్టారు. చక్రాల కింద నిమ్మకాయలు ఉంచారు. పూజ కాగానే ఇంజను పెట్టి, చక్రాలతో నిమ్మకాయలు తొక్కించాలి. అది ఆనవాయితీ. దాలినాయుడు నన్ను కూడా కడిగి బొట్టు పెట్టి తీసుకొచ్చాడు.

"ఆ డొక్కును ఎందుకు తెచ్చావయ్యా?" అని కసురుకున్నారు సెక్రటరీ గారు.

"ఇన్నాళ్ళు సాకరీ సేసింది బాబూ. ఎలిపోయే ముందు ఒక్క అగరొత్తి ఎలిగించుకుంతాను."

"ఫొటోలో కనపడకుండా కింద ఎక్కడైనా పెట్టు. నువ్వు కూడా ఫొటోలోకి రాకు, అటు దూరంగా ఉండు."

దాలినాయుడు నన్ను వాలు కిందికి తీసుకుపోయి, గులాబీ మడికి ముందు అడ్డంగా నిలబెట్టాడు. అడ్డంగా ఉంటే జారిపోనని. తను పైకి వెళ్ళి ఎక్కడో చివర, నీళ్ళకుళాయి దగ్గర నిలబడ్డాడు.

పంతులు గారి మంత్రాలు అయ్యాయి. ఇప్పుడు సెక్రటరీ గారికి ఒక చిక్కొచ్చింది. మా యంత్రాలకు హ్యాండిల్ మీద ఒక కడ్డీ ఉంటుంది, దాన్ని పట్టుకుని ఉన్నంతసేపే ఇంజను తిరుగుతుంది, చెయ్యి వదిలితే ఆగిపోతుంది. మనిషి ప్రాణానికి ప్రమాదం రాకూడదని పెట్టిన ఏర్పాటు అది. చెయ్యి దాని మీద ఉంటే నమస్కారం ఎలా పెట్టడం? నమస్కారం లేని ఫొటో ఫొటోయేనా?

ఆయన భుజాన ఉన్న పట్టు కండువా తీశారు. కడ్డీని హ్యాండిల్‌కు అదిమి గట్టిగా చుట్టారు. పక్కనే ఇంకో మీట ఉంది, అది చక్రాలను నడిపించేది. అదేమిటో చూడకుండా దాన్ని కూడా కలిపి చుట్టి, పీటముడి వేశారు. హైమవతి గారు "అలా కట్టొచ్చా అండీ?" అంటే, "ఒక్క నిమిషమేనండీ, ఫొటో అవగానే విప్పేస్తాను" అన్నారు. అందరూ ఫోన్లు పైకెత్తారు. ఆయన తాడు లాగి, చేతులు జోడిస్తూ ముందుకు రాబోయారు.

పచ్చది ఒక్క లాగుకే అందుకుంది. నిమ్మకాయల్ని చితక్కొట్టి బయల్దేరింది.

అబ్బ, ఆ దృశ్యం! బొట్టు పెట్టుకుని, బంతిపూల దండ వేసుకుని, పట్టు కండువా రెపరెపలాడించుకుంటూ వాలు వెంట సాగివస్తోంది. దానంతటదే. ఆయన కోరుకున్నదీ అదే కదా! కింద కత్తి తిరుగుతుంటే ఎదురెళ్ళే ధైర్యం ఎవరికుంటుంది? పంతులు గారు పళ్ళెం వదిలేసి ఎగిరి అవతల పడ్డారు. సభ్యులు కుర్చీలెక్కారు. విశ్వపతిరావు గారు పంచె కాళ్ళకు చుట్టుకుంటుంటే వెనకాల పరిగెత్తారు.

"నాయుడూ! ఎక్కడ చచ్చావయ్యా? పట్టుకో! నా గులాబీలు! నా గులాబీలు!"

నాయుడు ఫొటోలో పడకుండా ఆ చివరనున్నాడు. అంత దూరం నుంచి పరిగెత్తుకొస్తున్నాడు పాపం.

అప్పుడు ఆయన చూపు నా మీద పడింది. మొహం ఒక్కసారి వెలిగింది.

"ఏం ఫరవాలేదు! పాతది అడ్డం ఉంది! అది ఆపుతుంది!"

విన్నారా? డొక్కు అన్న నోటితోనే. ఇద్దరినీ వెళ్ళగొట్టి, ఇప్పుడు ఒకరిని పట్టుకోమంటున్నారు, ఒకరిని ఆపమంటున్నారు. నాకు ఆపడం చేతకాదని కాదు. నా ఒళ్ళు ఉక్కు. ఒక చక్రం బిగుసుకుని ఉన్నా చాలు, అది నన్ను గుద్దుకుని అక్కడే నిలిచిపోయేది.

కానీ దాలినాయుడు ఆ పొద్దున్నే నాలుగు చక్రాలకూ నూనె పెట్టాడు.

పచ్చది వచ్చి నా వెనక మూల మీద ఏటవాలుగా తగిలింది. తోసింది. తోస్తేనే కదిలేదాన్ని కదా నేను, కదిలాను. జన్మలో అంత హాయిగా ఎప్పుడూ దొర్లలేదు. గడప దగ్గర పెద్దలకు దారి ఇచ్చినట్టు పక్కకు తప్పుకున్నాను. అది నా పక్కనుంచి నేరుగా మడిలోకి నడిచింది.

ఆ తర్వాత వినిపించిన చప్పుడు నాకు ఇప్పటికీ పాటలా ఉంటుంది. ఎర్రవి పోయాయి, పసుపువి పోయాయి, ప్రదర్శన కోసం మొగ్గకు గుడ్డ కట్టి కాపాడుకుంటున్న లేత గులాబీ రంగుది కూడా పోయింది. పోయిన దారి పొడుగునా పూల ముక్కలు చిమ్మింది. చివరికి దాలినాయుడు వెనకనుంచి అందుకుని, ముడి రాకపోతే ప్లగ్గు మీది వైరు ఊడబీకాడు. ఇంజను నిలిచింది. సెక్రటరీ గారు మడి గట్టు మీద కూర్చుండిపోయారు. జోడించబోయిన చేతులు అలాగే ఉన్నాయి.

ఊపిరి తిరిగాక ఆయన మొదట చేసిన పని నాయుడి మీద విరుచుకుపడటం. "నీ వల్లే! నువ్వు దగ్గర లేకపోబట్టే!"

హైమవతి గారు తన ఫోను ఆయన ముందు పెట్టారు. అందులో కండువా, పీటముడి, దాన్ని బిగిస్తున్న ఆయన చేతులు స్పష్టంగా ఉన్నాయి. ఆయనకు అంత బాగా కుదిరిన ఫొటో ఇంకోటి లేదు.

"దానంతటదే నడిస్తే ఏమవుతుందో చూశాం కదండీ," అన్నారావిడ. "దాని వెనక నడిచే మనిషి మనకు ఉండాలి. నాయుడు ఎక్కడికీ వెళ్ళడు." కమిటీ సరేనంది. దాలినాయుడి గది దాలినాయుడికే మిగిలింది.

కథ ఇక్కడ ఆపేస్తే నాకు పేరొస్తుంది. కానీ ఒక ముల్లు కూడా ఉంది, అదీ చెబుతాను. వారం తిరక్కుండానే దాలినాయుడు పచ్చదాని వెనక హాయిగా నడుస్తూ కనిపించాడు. "భుజం నొప్పి తగ్గిపోనాదే! ఏటి సుకమో!" అని భార్యతో అంటుంటే విన్నాను. ఎవరికోసం పగ తీర్చుకున్నానో ఆ మనిషే శత్రువు చెయ్యి పట్టుకుని షికారు చేస్తుంటే ఎవరికి చెప్పుకోను? ఒళ్ళు మండింది. తర్వాత ఆలోచిస్తే, ఆ భుజం అరిగింది నన్ను తోసే కదా అనిపించింది. పోనీలే అనుకున్నాను. పూర్తిగా అనుకోలేదు.

నన్ను పాత సామాన్లలో వేస్తారనే చూశాను. వెయ్యలేదు. సెక్రటరీ గారు మళ్ళీ మొక్కలు నాటారు. "ఆ పచ్చ పిశాచి నా మడి చుట్టుపక్కలకు రావడానికి వీల్లేదు" అని ఆర్డరు వేశారు. మొక్కల మధ్య సన్నటి బాటల్లో గడ్డి పెరుగుతుంది, దాన్ని కొయ్యాలి. మరెవర్నీ అక్కడ అడుగు పెట్టనివ్వరు. వాచ్‌మన్ని నమ్మరు, నాయుణ్ణి పంపడానికి మొహం చెల్లదు.

అందుకని ప్రతి ఆదివారం పొద్దున్నే విశ్వపతిరావు గారు స్వయంగా నన్ను తోస్తారు. ఇస్త్రీ చొక్కా వీపుకు అంటుకుపోతుంది. ఒక్కో గులాబీ దగ్గరకు రాగానే ఊపిరి బిగబట్టి, నా వైపు బెదురుగా చూస్తారు. అప్పుడు నేను కొంచెం దగ్గుతాను, ఊరికే. ఒక చక్రం కొద్దిగా బిగబడతాను. ఆయన ఆగి, చెమట తుడుచుకుని, మళ్ళీ వంగుతారు.

మొన్న అలా వంగి ఆయాసపడుతుంటే, పైన పచ్చదాని వెనక తీరిగ్గా పోతున్న దాలినాయుడు ఆగాడు.

"కట్టంగా ఉందా బాబూ?"

"కదలడం లేదయ్యా ఇది!"

"అది అంతే బాబూ," అన్నాడు దాలినాయుడు, ఎంతో వినయంగా. "తోస్తేనే నడుస్తాది. ఇంకాస్త గట్టిగా తొయ్యండి."

ఆయన తోశారు. నేను కదిలాను, నాకు తోచినప్పుడు.