ఎర్రజొన్న నౌకకు అవతలి పిడి

నా భార్య విద్యావతి పోయిన ఆరు నెలలకు, మార్చిలో పసుపు ఏరడానికి వచ్చిన ఆడవాళ్లు నన్ను అడిగిన మొదటి మాట ఇది:

"సేటూ, ఎర్రజొన్న బయటపడ్డదా?"

నాకేమీ అర్థం కాలేదు. ఎర్రజొన్న మా ఆర్మూరు చుట్టూ విత్తనానికి వేసే పంట. పెర్కిట్‌లోని మా అడ్తి కమీషన్ దుకాణానికి వచ్చేది పసుపు ఒక్కటే. "జొన్నలతోని మనకేం పని?" అన్నాను.

వెంకవ్వ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "జొన్నలు గాదు సేటూ. ఓడ. మొగులు మీద తిరిగే లడాయి ఓడ."

"ఏ సినిమాలది?"

"సినిమా గాదు. సేటమ్మ చెప్పిన కథ. నీకు చెప్పలేదా?"

చెప్పలేదు. నేను ముందు గదిలో ఫోన్లు మాట్లాడుకుంటూ ఉండేవాణ్ణి. మధ్యాహ్నం తిండి అయ్యాక విద్యావతి వెనక రేకుల షెడ్డులో వీళ్ల మధ్య కూర్చునేది. నవ్వులు వినబడేవి. ఏ కూరల ముచ్చటో అనుకునేవాణ్ణి. ముప్పై నాలుగేళ్ల సంసారం తర్వాత తెలిసింది, నా భార్య అక్కడ ఒక యుద్ధనౌకను నడిపిందని.

"ఎంతుంటది ఆ ఓడ?" అని అడిగాను.

"సిద్ధులగుట్టంత," అంది వెంకవ్వ.

"అంతకు పెద్దది. రెండు వేల మంది సిపాయిలుంటరు," అంది ఇంకొకామె.

"సిపాయిలు నడుస్తరా, ఎగురుతరా?"

"నడుస్తరు. పండుకునేటప్పుడు ఎగురుతరు."

"అట్లెట్ల?"

"మాకేమెరుక, సేటమ్మ గట్లనే చెప్పింది."

వాళ్లలో లసుమవ్వ మాత్రం పసుపు కొమ్ములు ఒక కుప్పగా, గుండ్రటి దుంపలు ఒక కుప్పగా వేరు చేస్తూనే ఉంది. ఆమె నీళ్లకు లేచి వెళ్లినప్పుడు వెంకవ్వ గొంతు తగ్గించి చెప్పింది. "ఓడల ఫిరంగుల మీద ఆఫీసరు నందిని. లసుమవ్వ బిడ్డ."

నందిని నాకు తెలుసు. నర్సింగ్ చదివేది. రెండేళ్ల కింద డెంగీ వచ్చి హైదరాబాదు దవాఖానలో పోయింది. అప్పటికి లసుమవ్వ ఎక్కిన బస్సు దారిలో కామారెడ్డి కూడా దాటలేదు. ఆ పిల్లను విద్యావతి తారల నౌకాదళంలో చేర్చిందన్నమాట. కిందటేడు పసుపు పని సాగినన్నాళ్లూ రోజుకు కొంత చెప్పింది. చివరికి శత్రువులు ఓడ ఒళ్లంతా అంటుబాంబులు అతికించారు. వాటిని వదిలించడానికి నందిని బయలుదేరింది. అక్కడ కథ ఆగింది. మర్నాటి నుంచి విద్యావతి ఆసుపత్రిలో ఉంది.

లసుమవ్వ తిరిగి వచ్చి కూర్చుంది. "సేటమ్మ పుస్తకంల రాసుకుంటున్న అన్నది. జర దేవులాడు సేటూ. నాకొక్కటి ఎరుకగావాలె."

ఏమిటని నేను అడగలేదు. తెలిసిందే అనుకున్నాను.

పుస్తకం వంటింట్లో, పప్పు డబ్బాల వెనక దొరికింది. నేను వంటకు దిగాక కూడా ఇన్నాళ్లూ కంటబడలేదంటే, ఆ వెనకటి డబ్బాల దాకా నా చెయ్యి పోలేదనే. మొదటి పేజీలో ఓడ బొమ్మ ఉంది. పొడుగ్గా, రెండు కొసల్లో ఇరుసు పెట్టిన పీపాలా ఉంది. దాని కింద, "ఓడ తనను తాను తిప్పుకుంటుంది. అంటుకున్నవన్నీ రాలిపోతాయి." నేను బీఎస్సీ చదివాను. అయినా ఓడను ఎవరు తిప్పుతారో, ఎందుకు తిప్పుతారో ఆ బొమ్మలో నాకు దొరకలేదు.

అసలు చిక్కు చివరి పేజీలతో వచ్చింది. ఒకచోట నందిని ఓడను తిప్పి చనిపోతుంది. అది కొట్టేసి ఉంది. పక్కన నందిని బతుకుతుంది. అదీ కొట్టేసి ఉంది. అడ్డంగా అంచులో పెన్సిల్‌తో మళ్లీ చనిపోతుంది. ఇంకో పేజీలో నల్ల సిరాతో బతుకుతుంది, దానిమీద సగం గీత. ఏది ముందు రాసిందో, ఏది ఆఖరు మాటో తెలియదు. మూడుసార్లు చదివాను. మూడోసారికి ఓడ ఏది, శత్రువు ఏదో కూడా కలిసిపోయాయి. బతికిందని చెప్పేస్తే విద్యావతి ఏమీ అనుకోదు. కానీ లసుమవ్వ చిన్నపిల్ల కాదు.

మర్నాడు తిండి అయ్యాక పుస్తకం పట్టుకుని షెడ్డులోకి వెళ్లాను. ఎవరో గోనెసంచి మడిచి నాకు వేశారు. విద్యావతి కూర్చునే చోటు వదిలి, కొంచెం పక్కగా వేశారు. ఆ మాత్రం ఎడం నాకు మేలు చేసింది.

"నాకు సమజ్ కాలేదు," అని ముందే చెప్పాను. "లడాయి నడుస్తుంటే ఓడ గిర్రున తిరుగుడేంది?"

"పాలిష్ డ్రమ్ము సేటూ," అంది వెంకవ్వ. "ఎండిన కొమ్ములు ఏసి తిప్పితే పొట్టు రాలదా? గట్లనే బాంబులు రాల్తయి."

"కొమ్ములు డ్రమ్ము లోపలుంటయి. బాంబులు ఓడ బయటున్నయి గదా?"

"కాలేజి సదివింది నువ్వు. నన్నడుగుతవేంది?"

అందరూ నవ్వారు. నవ్వు ఆగాక లసుమవ్వ వైపు తిరిగాను. "లసుమవ్వా, పిల్ల బతికినట్టు ఒకకాడ ఉన్నది. పోయినట్టు ఒకకాడ ఉన్నది. ఏది కొసకు రాసిందో నాకు తెలుస్తలేదు."

"నేను గది అడుగుతలేను," అంది లసుమవ్వ.

"మరి?"

"ఇప్పుడంటే మోటరు డ్రమ్ములొచ్చినయి. మేము చేతులతోని తిప్పినం. డ్రమ్ముకు రెండు దిక్కుల రెండు పిడులుంటయి సేటూ. ఒక్కదానితోని తిరగది. మా పొల్ల ఒక దిక్కు వట్టింది. అవతలి దిక్కు ఎవలు వట్టిండ్రు?"

నేను దాని కోసం చదవలేదు. చావు, బతుకు వెతుకుతూ మిగతాదంతా దాటేశాను. పేజీలు తిప్పుతుంటే నా చేతులకే తొందర వచ్చింది. మొదటి కొట్టివేతలో గీత కింద ఉంది. "అవతలి పిడి దగ్గర ఓడలో వంటచేసే ముసలామె. చేతులకు ఇంకా పసుపు ఉంది." బతికిన రెండు చోట్లా చూశాను. ఆమె ఉంది. అంచున పెన్సిల్ రాతలో చూశాను. అక్కడ నందిని తల ఆమె ఒళ్లో ఉంది.

"వంటామె పట్టుకున్నది," అన్నాను.

"కొట్టేసిన దాంట్ల గూడనా?"

"ఆఁ. అన్నిట్ల ఉన్నది. పిల్ల సంగతి మార్చుకుంట పోయింది గని, ఆమెను మాత్రం ఎక్కడ తీసెయ్యలేదు."

లసుమవ్వ చేతిలోని కొమ్ము కుప్పలో వేసింది. "సదువు."

"ఏది?"

"అన్ని సదువు."

చదివాను. నందిని ఒకసారి పోయింది, ఒకసారి బతికింది. రెండుసార్లూ వెంకవ్వ ముక్కు చీదింది. ఓడ నిలిచిందో లేదో నాకు చివరిదాకా తేలలేదు. పెన్సిల్ రాత దగ్గరికి వచ్చేసరికి అక్షరాలు అలుక్కుపోయి ఉన్నాయి. "అవతలి నుంచి ముసలామె అంది..." అని చదివి, తర్వాతి మాట కూడబలుక్కుంటూ ఆగాను.

"వదలకు బిడ్డా, నేనున్న," అంది లసుమవ్వ.

నేను పుస్తకం వెలుతురుకు పెట్టి చూశాను. ఆ మాటో, ఇంకొకటో, ఆనవాలు పట్టలేకపోయాను.

"ఆఁ, గదే," అన్నాను.

"ఇగ ముందుకు సదువు సేటూ," అంది.