అటక దిగిన రొట్టెల మూకుడు

నేను ఒక ఇనప మూకుణ్ణి. పోత ఇనుము, రెండు చెవులు, బొటనవేలంత మందం అడుగు. నన్ను ఒంటిచేత్తో ఎత్తబోయినవాళ్లంతా ఒకసారి ‘అమ్మో’ అని, ఆ తర్వాత రెండో చెయ్యి కూడా వేసినవాళ్లే. నా బరువు గురించి నాకు సిగ్గేమీ లేదు. పొయ్యి మీద కుదురుగా కూర్చోవాలంటే ఆ మాత్రం ఒళ్లు ఉండాలి.

గోదావరి ఒడ్డున ఒక పోత కొలిమిలో పుట్టాను. తడి ఇసకలో అచ్చు తీసి, కరిగిన ఇనుము పోశారు. ఆ ఇనుము అంతకుముందు ఏమేమిటో ఎవరికి తెలుసు? పాత కుట్టుమిషన్ల కాళ్లు, పగిలిన పంపుల ముక్కలు, అరిగిపోయిన తూకపురాళ్లు అన్నీ ఒకే మూసలో కరిగాయి. ఇన్ని రకాల వాళ్ల రక్తం కలిసింది కనుకే కాబోలు, నాకు కాస్త గీర ఎక్కువ. శివరాత్రి తీర్థంలో నేల మీద గోనెపట్టా పరిచి మమ్మల్ని వరసగా బోర్లించారు. పాలకొల్లు నుంచి వచ్చిన అచ్చాయమ్మ అనే పెద్దావిడ ఒక్కో మూకుడినీ వేలి కణుపుతో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని వింది. పగులున్నది బొంగురుగా పలుకుతుంది, లేనిది ఖంగుమంటుంది. నేను ఖంగుమన్నాను. అయినా బేరం మాత్రం పగిలిన దానికి ఆడినట్టే ఆడింది. మనుషులు నచ్చినదాన్నే ఎక్కువ తిడతారని నాకు ఆ రోజే తెలిసింది.

ఆ ఇంటికి నేనూ, కొత్తకోడలు మంగాయమ్మా ఇంచుమించు ఒకేసారి వెళ్లాం. ఇద్దరికీ ఇల్లు కొత్త, ఇద్దరికీ అచ్చాయమ్మంటే భయం. నాలో గంజి కాచి, నూనె రాసి, ఉల్లిపాయ చెక్కతో రుద్ది రుద్ది నన్ను దారికి తెచ్చింది మంగాయమ్మే. ఆ తర్వాత నా పని ఒకటే, దిబ్బరొట్టె. మినప్పిండిలో బియ్యపురవ్వ కలిపి, నాలో నూనె వేసి, ఆ పిండిని అరచెయ్యంత మందాన పోసి, మూతపెట్టి సన్నటి మంట మీద వదిలేస్తారు. అడుగు ఎర్రగా కాలాక తిరగెయ్యాలి. ఈ తిరగెయ్యడం దగ్గరే ఇల్లాలి పనితనం తేలిపోతుంది. తొందరపడితే రెండు ముక్కలవుతుంది, ఆలస్యం చేస్తే మాడుతుంది. మంగాయమ్మ మూత ఎత్తి చూసేది కాదు. పెరట్లో బట్టలు ఆరేస్తూ ఉండేది, కమ్మటి వాసనలో కొంచెం ఘాటు తగలగానే చేతులు తుడుచుకుంటూ వచ్చి, అట్లకాడ అడుగుకి దూర్చి ఒక్క విసురున తిప్పేసేది. రొట్టె ముక్క కూడా చెదిరేది కాదు. అలా ఎన్ని రొట్టెలు తిప్పిందో లెక్క నేను పెట్టుకోలేదు. నాకు లెక్కలు రావు, వేడి ఒక్కటే తెలుసు.

తర్వాత కాలం మారింది. అచ్చాయమ్మ పోయింది, మంగాయమ్మ కొడుకు సత్తిబాబు పెద్దవాడై మోటార్లకు వైండింగు చేసే షాపు పెట్టాడు, హైమ అనే చక్కటి పిల్లని పెళ్లి చేసుకున్నాడు. హైమతో పాటు నల్లటి, నాజూకైన పెనమొకటి వచ్చింది. దాని మీద దేన్నీ గట్టిగా గీకకూడదట, తోమకూడదట, మంట పెంచకూడదట. అంత గారాబమైతే అద్దాల బీరువాలో కూర్చోవచ్చు కదా, పొయ్యి మీదకెందుకు? నేనన్న మాట ఎవరికీ వినిపించదు. నన్ను వంటింటి అటక మీదికి ఎక్కించారు. అక్కడ పాత గొడుగు, సొట్టబడ్డ బిందె, నేను. కింద జరిగేదంతా చూడ్డమే మా పని.

అలా చూస్తూ ఉండగానే మంగాయమ్మ చెయ్యి వణకడం మొదలైంది. మొదట కుడిచెయ్యి, కాఫీ గ్లాసు పట్టుకున్నప్పుడు. తర్వాత రెండో చెయ్యి. డాక్టరు మాత్రలు రాశాడు, వణుకు కాస్త తగ్గింది కానీ పోలేదు. ఒక పండగ రోజు గారెలు వేస్తూ ఉంటే బాణలి ఒరిగి, కాగిన నూనె ఆవిడ పాదం మీద పడింది. హైమ కేక నాకింకా గుర్తే. కోడలు ఆ పాదాన్ని ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది. గాయం మానాక చేతులు పట్టుకుని చెప్పింది.

“ఇంక మీరు పొయ్యి దగ్గరకి రావద్దండి అత్తయ్యా. మీకేవన్నా అయితే నేను తట్టుకోలేను.”

మంగాయమ్మ తలూపింది. కోపంతో అన్న మాటకైతే ఎదురు చెప్పొచ్చు, ప్రేమతో అన్నదానికి ఏం చెబుతాం? ఆ రోజు నుంచి వంటింటి గడప అవతల ఒక ప్లాస్టిక్ కుర్చీ వేశారు. అందులో కూర్చుని ఆవిడ చిక్కుడుకాయల ఈనెలు తీసేది. అవి అయిపోతే ఇంకేమన్నా ఉందా అని అడిగేది. ఏమీ లేదు, మీరు టీవీ చూడండి అనేది హైమ. ఆవిడ టీవీ పెట్టుకుని పొయ్యికేసి చూసేది. మనిషి తింటోంది, తిరుగుతోంది, అయినా లోపల్లోపల ఆరిపోతోంది. అటక మీద నుంచి నాకు స్పష్టంగా కనిపించింది. వాడకుండా పెడితే ఏమవుతుందో నాకంటే ఎవరికి బాగా తెలుసు, అప్పటికి నా ఒళ్లంతా తుప్పు.

ఇక పిజ్జా సంగతి. సత్తిబాబు కూతురు తన్మయికి పిజ్జా అంటే ప్రాణం. మెయిన్ రోడ్డు మీద గాజు తలుపుల కొట్టొకటి వెలిసింది, నెలకోసారి అందరూ తయారై అక్కడికి వెళ్లేవారు. ఇంతలో మేడ మీద ఇంకో అంతస్తు వెయ్యడం మొదలుపెట్టారు. ఇల్లు కడుతున్నవాడికి ప్రతి రూపాయీ ఇటుకలాగే కనిపిస్తుంది కదా. ఒక పిజ్జా ఖరీదుతో ఇంట్లో నాలుగు చేసుకోవచ్చని హైమ ఫోనులో చూసి తేల్చింది. ఆదా కోసం ప్రత్యేకమైన పిండి కొన్నారు. చీజ్ కొన్నారు. ఎండుటాకుల పొడి సీసాలు మూడు రకాలు కొన్నారు. పిజ్జా కోసే చక్రం, నూనె రాసే కుంచె, పిండి ఒత్తడానికి చెక్క పళ్లెం కూడా వచ్చాయి. సత్తిబాబు ఆ సామానంతా ఒకసారి చూసుకున్నాడు.

“ఇలా ఇంకో రెండు నెలలు ఆదా చేస్తే మనం దివాలా తీస్తాం హైమా,” అన్నాడు.

హైమ నవ్వింది కానీ పట్టు వదల్లేదు. తీరా చేస్తే ఆ నాజూకు పెనం మీద అడుగు బొగ్గయింది, పైన చీజ్ కరగక ముద్దలాగే ఉండిపోయింది. తన్మయి పాపం బావుందనే చెప్పి, ముక్క పక్కన పెట్టేసింది. అడుగు మందంగా ఉన్నది కావాలని ఫోనులో ఎవరో అన్నారట. సత్తిబాబు స్టూలెక్కి అటక మీద చెయ్యి పెట్టాడు. చెయ్యి నాకు తగిలింది. అమ్మో అన్నాడు. రెండో చెయ్యి వేశాడు.

నా అవతారం చూసి హైమ పారేద్దామంది. మంగాయమ్మ కుర్చీలోంచి లేచింది. ఆవిడ అంత చురుగ్గా లేవడం చూసి చాలా కాలమైంది. దీన్ని పెరట్లో తోముకోవచ్చు కదా, అక్కడ పొయ్యి లేదు కదా అని అడిగింది, చిన్నపిల్ల పర్మిషన్ అడిగినట్టు. హైమ కాదనలేకపోయింది. చింతపండూ ఇసకా కలిపి, కొబ్బరి పీచుతో ఆవిడ నన్ను తోమింది. వణికే చేతులతోనే తోమింది. తోమడానికి వణుకు అడ్డం కాదు. తుప్పు పోయి, నూనె పట్టి, నేను మళ్లీ నల్లగా మెరిసేసరికి ఆవిడ ముఖానికీ కళ వచ్చింది. నాకు ఏడుపు వచ్చింది, కానీ ఇనుముకి తడి మంచిది కాదు గనుక ఆపుకున్నాను.

అప్పటి నుంచి పిజ్జాలు బాగా కుదిరాయి. పిండి పరిచి, పైన టమాటా గుజ్జూ ఉల్లీ క్యాప్సికమూ చీజూ వేసి, మూతపెట్టి సన్నటి మంట. చీజ్ కరిగాక దించడమే. కొట్టువాడి దానికంటే ఇదే బావుందని తన్మయి బళ్లో గొప్పలు చెప్పింది. చెప్పి ఊరుకోకుండా ముగ్గురు స్నేహితురాళ్లని ఆదివారం భోజనానికి పిలిచింది.

ఆ ఆదివారం పిండి సరిగ్గా పొంగింది. హైమ మొదటి పిజ్జా నాలో పెట్టి మూత వేసింది. అంతలో మేడ మీద నుంచి మేస్త్రీ కేక, నీళ్ల పైపు ఊడిపోయిందని. తన్మయిని పొయ్యి చూడమని చెప్పి హైమ పైకి పరిగెత్తింది. ఆ వెంటనే గేటు చప్పుడైంది, స్నేహితురాళ్లొచ్చారని తన్మయి బయటికి పరిగెత్తింది. వంటింట్లో నేనూ మంటా మిగిలాం. గడప అవతల కుర్చీలో మంగాయమ్మ.

నా అడుగున పిండి కాలుతోంది. కమ్మటి వాసన లేచింది. అందులో ఘాటు తగిలింది. ఆవిడ చేతిలోని చిక్కుడుకాయ కింద పడింది. ఆవిడ ఆలోచించలేదు, ఆ సంగతి నేను ప్రమాణం చేసి చెప్పగలను. చేతులు చెంగుకి తుడుచుకుంటూ లేచి, గడప దాటి, మూత తీసి, అట్లకాడ అడుగుకి దూర్చింది. నాకు నోరుంటే వద్దని అరిచేవాణ్ణి. ఒక్క విసురున తిప్పేసింది.

ఏం తిప్పింది! ముక్క చెదరలేదు. చెయ్యి అణుమాత్రమైనా వణకలేదు. ఇన్నేళ్లలో అంత అందంగా తిప్పగా నేను చూడలేదు. ఆ సంతోషంలో ఉండగానే చీజంతా నా అడుగున పడి చుర్రుమంది. ఎర్రటి గుజ్జు అంచుల వెంట పొంగుకొచ్చింది. అప్పుడు ఆవిడకి తెలివొచ్చింది. ముఖం పాలిపోయింది, చెయ్యి మళ్లీ వణకడం మొదలైంది. ఆ క్షణాన నేను చెయ్యగలిగింది ఒక్కటే, అడుగంటకుండా చూసుకోవడం. ఒళ్లు బిగబట్టి ఒక్క పోగు కూడా అంటనివ్వలేదు.

హైమ వచ్చేసరికి అత్తగారు అట్లకాడ పట్టుకుని పొయ్యి ముందు నిలబడి ఉంది. హైమ ముందు పొయ్యి కట్టేసి, ఆవిడ చేతులు తిప్పి చూసింది, వంగి పాదాలు చూసింది. ఎక్కడా కాలలేదు. అప్పుడుగానీ నాకేసి చూడలేదు.

“రొట్టి అనుకున్నానమ్మా,” అంది మంగాయమ్మ. “పిల్లలొచ్చిన వేళ నీ పని పాడుచేశాను. నువ్వు చెప్పింది నిజమే, నేనింక ఇటు రానులే.”

అట్లకాడ గట్టు మీద పెట్టేసి, గోడ పట్టుకుంటూ వెళ్లిపోయింది. కుర్చీ దగ్గర కూడా ఆగలేదు, వరండా చివరికి వెళ్లి వీధికేసి తిరిగి కూర్చుంది.  నలుగురు ఆడపిల్లలు ఆకలి ఆకలి అంటూ లోపలికొచ్చారు. చేసేది లేక ఆ తిరగేసిన పిజ్జాని హైమ అలాగే పళ్లెంలోకి దింపింది. చీజంతా అడుగున ఎర్రగా వేగి, అప్పడంలా కరకరలాడుతోంది. చూడ్డానికి దిక్కుమాలినట్టుంది. పిల్లలు ఒక ముక్క తిన్నారు. తర్వాత అంచు నాదంటే నాదని కొట్టుకున్నారు. హైమ కూడా ఒక ముక్క విరిచి నోట్లో వేసుకుంది. నెమ్మదిగా నమిలింది. నములుతూ వరండా వైపు చాలాసేపు చూసింది.

పొయ్యి దగ్గరకి రావద్దన్నది, అత్త పాదం మళ్లీ కాలకూడదని హైమ పెట్టిన కట్టుబాటు. అందులో తప్పేమీ లేదు. కానీ ఇందాక ఆవిడ చేతులు తిప్పి చూసినప్పుడు, ఆ అరచేతులు మంట వేడికి వెచ్చగా ఉన్నాయి. ఎన్నాళ్లకో అలా ఉండటం హైమ గమనించిందని నాకనిపించింది.

రెండో ముద్ద ఒత్తి నాలో పరిచింది. గుజ్జు, కూరముక్కలు, చీజ్ అన్నీ వేసి, మూతపెట్టి, మంట సన్నం చేసి వరండాలోకి వెళ్లింది.

“అత్తయ్యా, ఒకసారి రండి. తిప్పే వేళయిందో లేదో నాకు తెలియట్లేదు.”

మంగాయమ్మ తల తిప్పలేదు. “దాన్ని తిప్పకూడదటగా అమ్మాయీ. ఫోనులో ఎవరూ తిప్పరు.”

“వాళ్లు తిప్పరండి. మనింట్లో తిప్పుతాం.”

మంగాయమ్మ కోడలి ముఖంలోకి చూసింది, తనమీద జాలిపడుతోందేమోనని వెతుకుతున్నట్టు. తర్వాత లేచింది. ఇద్దరూ వంటింట్లోకి వచ్చారు. హైమ అట్లకాడ ఆవిడ చేతికిచ్చి, తను ఒక అడుగు వెనక్కి జరిగింది. భయంతో చున్నీ కొస గుప్పిట్లో నలిపేస్తోంది, అయినా ముందుకు రాలేదు. ఆవిడ చెయ్యి వణికి అట్లకాడ నా అంచుకి టకటకా తగిలింది. హైమ మూత తియ్యబోయింది.

మంగాయమ్మ కళ్లు మూసుకుని వాసన చూసింది.

“ఉండు,” అంది. “ఇంకొక్క నిమిషం ఆగాలి. తొందరపడకు.”

“సరేనండి,” అని హైమ చెయ్యి వెనక్కి తీసుకుంది, ఆవిడ చెప్పేదాకా అక్కడే నిలబడింది.