నాలుగడుగుల దూరం

"బస్సులో రెండు గంటలు పడుతుంది నాన్నా, నేను రైల్లోనే వెళ్తాను" అని కూతురు మూడోసారి అంది.

"స్టేషన్లో బాంబు పేలి పదిరోజులు కాలేదు. మళ్లీ రైలు పేరెత్తావంటే ఊరుకోను."

"నీ మాట వింటే పిల్ల కాలేజీకి కాదు కదా, గుమ్మం కూడా దాటదురా" అంది నానమ్మ. "ఇంట్లో పోలీసుని పెట్టుకుని మీలో మీకెందుకీ గొడవ? ఏమ్మా కోడలా, రైలెక్కొచ్చా?"

యూనిఫాం మడతపెడుతున్న కోడలి చేతులు ఆగిపోయాయి. పోలీసులు, రైల్వేవాళ్లు, సరిహద్దు బలగాలవాళ్లు కలిసి కూర్చునే గదిలో ఆమె ఉద్యోగం. పేలుడు జరిగిన రోజు ఉదయం ఆరింటికే సరిహద్దు బలగాలవాళ్లు స్టేషన్లో బాంబు పేలొచ్చన్న హెచ్చరిక కాగితం ఆమె చేతికిచ్చారు. రైల్వే అధికారి బల్ల నాలుగడుగుల దూరంలో ఉంది. కానీ ఒక శాఖ కబురు మరో శాఖకి చెప్పాలంటే పైఅధికారి సంతకం కావాలి. ఒకసారి నోటిమాటగా చెప్పినందుకు ఆమెకి మెమో ఇచ్చారు. అందుకే ఈసారి కాగితాన్ని సంతకాల ఫైల్లో పెట్టింది. ఎనిమిదిన్నరకి బాంబు పేలింది. పదకొండుమంది పోయారు. సంతకం తొమ్మిదింటికి అయింది.

ఆమె అదంతా వాళ్లకి చెప్పింది.

"హెచ్చరికే తొమ్మిదింటికి వచ్చిందని మూడు శాఖలూ రాసిచ్చాయి. నన్నూ అలాగే రాయమంటున్నారు."

"రాసెయ్. అందరితోపాటు నువ్వూను" అన్నాడు భర్త గొంతు తగ్గించి. "ఉద్యోగం పోతే? కేసు పెడితే?"

కూతురు తల్లినే చూస్తోంది.

"పెట్టనీండి" అందామె నెమ్మదిగా. "రేపు విచారణలో ఆరింటికే వచ్చిందని చెప్తున్నాను."