పొయ్యిరాళ్ళ పటం

మధ్యాహ్నం వంటిల్లు కడగడం అయ్యాక కృష్ణవేణమ్మ తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ ముందుగదిలోకి వచ్చి, రెండు చెక్కల మధ్య ఒత్తిపెట్టిన ఆకుల కట్ట విప్పేది. చెమ్మ పీల్చిన పాత పేపర్లు తీసి ఎండినవి వేయాలి. మళ్ళీ చెక్క మూసి, తాడు బిగించి, పైన బరువుకు రాయి ఎత్తాలి. ఒక్కరోజు మరిచిందంటే ఆకుకు బూజు పట్టినట్టే. ఆమె భర్త రామలింగప్ప కర్నూలు కాలేజీలో వృక్షశాస్త్రం లెక్చరరు. నల్లమలలో ఏ చెట్టు పక్కన ఏ చెట్టు పెరుగుతుంది, ఏ జాతి ఎంతదాకా పోయి ఆగిపోతుంది, అక్కడే ఎందుకు ఆగుతుంది అన్నది ఆయన పరిశోధన. నాలుగు రోజులు సెలవు దొరికితే చాలు, భుజాన సంచి తగిలించుకొని అడవికి బయలుదేరేవాడు. గడప దాటుతూ ప్రతిసారీ ఒకటే మాట అనేవాడు. "కాగితాలు మార్చేది మరిచిపోవద్దు. నీకేముంది, ఇంటిపట్టునే ఉంటావు గదా."

ఇంటిపట్టున ఉండి ఆమె చేసిన పని ఎంతో ఆయనకు ఎప్పుడూ తోచలేదు. ఎండిన కొమ్మను అట్టమీద పెట్టి సన్నదారంతో కుట్టేది ఆమె. చీటీమీద ఊరు, తేదీ, చెట్టు పేరు, 'సేకరించినవారు: రామలింగప్ప' అని గుండ్రటి అక్షరాలతో రాసేది ఆమె. ఆయన నోటుపుస్తకంలోని కోడిగీతలు చదవగలిగింది ఈ భూమ్మీద ఆమె ఒక్కతే, కాబట్టి సాపుగా తిరగరాసేదీ ఆమే. ఆఖరికి ఏ చెట్టు ఎక్కడుందో చుక్కలతో చూపే పటం గీసేది కూడా ఆమే. ఎమ్మిగనూరులో ఆమె తండ్రి చీర అంచులకు గళ్ళకాగితం మీద చుక్కలు పెట్టి బొమ్మలు కట్టేవాడు. ఆ చెయ్యి కూతురికి వచ్చింది. పెళ్ళయిన నాలుగేళ్ళలో నల్లమల చెట్లన్నీ ఆమె వేళ్ళకిందికి వచ్చాయి. నల్లమల మాత్రం ఆమె కళ్ళబడలేదు. నేనూ వస్తానని ఒకసారి అడిగింది. "అడివిలో నీకేం పని? మా ఆవిడకు ఆకు కనపడితే కూర చేసేద్దామని ఉంటుంది," అని ఆయన ఇంటికి వచ్చిన లెక్చరర్ల ముందు జోకు వేశాడు. అందరూ నవ్వారు. కాఫీ గ్లాసులు తీసుకుపోతూ ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ ఆమెకు తనమీద తనకే కోపం.

కర్నూలు రాజధాని అయిన రెండో ఏడు, ఉగాది ఇంకా నెల ఉందనగా మద్రాసు నుంచి, ఆయన పరిశోధనకు గైడైన పెద్ద ప్రొఫెసరు ఉత్తరం వచ్చింది. పటమంతా బాగుంది కానీ చింతచెట్ల సంగతే తేలలేదన్నాడు. ఊరూ పల్లే లేని నట్టడివిలో, మద్దిచెట్ల మధ్య, వెదురు పొదల మధ్య తొమ్మిదిచోట్ల చింతలు గుంపులుగా ఉన్నట్టు చుక్కలు పెట్టారు. నీళ్ళున్నచోట చింత మొలిచిందని కారణం రాశారు. మరి మీ పటంలోనే ఇరవై మూడు నీటిబుగ్గలు ఉన్నాయే, తక్కిన వాటి దగ్గర చింత ఎందుకు మొలవలేదు? జవాబు చెప్పనిదే పరిశోధన ముందుకు పోదు.

రామలింగప్పకు అన్నం సహించలేదు. మట్టి పొట్లాలు విప్పాడు, కట్టాడు. "ఆ చింతల కింద నల్లరాళ్ళున్నాయి, ఇనుము పాలు ఎక్కువేమో," అని ఒక పక్క, "కాదులే" అని ఒక పక్క. నమూనాకని అడివి నుంచి మోసుకొచ్చిన ఆ నల్లరాయే కృష్ణవేణమ్మ రోజూ ఆకుల కట్టమీద ఎత్తే బరువు.

అప్పుడే అత్త మద్దమ్మ ఎమ్మిగనూరు నుంచి కొత్త చింతపండు గంపతో దిగింది. అరవై దాటిన మనిషి. పుట్టిన దగ్గర్నుంచి మగ్గానికి నూలు కండెలు చుట్టి చుట్టి ఆమె కుడిచేతి వేళ్ళు కాస్త వంకరపోయాయి. కొడుకు ముందుగదిలోకి ఆమె ఎప్పుడూ అడుగు పెట్టేది కాదు, చదువుకున్నోళ్ళ గది అని జంకు. ఆరోజు రామలింగప్ప కాలేజీకి పోయాక కోడలిని వెతుక్కుంటూ వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"మేయ్ కృష్ణవేణీ, పొయ్యిరాయిని ఆకులమింద పెట్టినావేమ్మే?"

"పొయ్యిరాయి కాదత్తా, ఇనుపరాయి. ఆయన అడివి నుంచి తెచ్చినారు."

"ఇనుమంట ఇనుము! మసి ఉండాది సూడు." ముసలామె వచ్చి గోరుతో గీకింది. గోరు నల్లబడింది. "ఇది యాడ దొరికిందంట?"

"నాగలూటి దాటినాక. చింతచెట్ల కింద."

మద్దమ్మ గోడ పట్టుకొని నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళలో నీళ్ళు తెచ్చుకుంది. "అది మా పొయ్యేమో మే! ఉగాదికి శ్రీశైలం మల్లన్న కాడికి పోయేటప్పుడు మేం వండుకునే జాగా అది."

కృష్ణవేణమ్మ కూడా రాయి గీకి చూసింది. ముందు సిగ్గేసింది. మూడుపూటలా పొయ్యి ఊదే మనిషికి మసి తెలియదా? అదే రాయి వంటింట్లో ఉంటే కళ్ళు మూసుకొని గుర్తుపట్టేది. ఆయన బల్లమీద ఉంది కాబట్టి ఇనుము అనుకుంది, తొమ్మిది గుంపుల దగ్గరా నల్లరాళ్ళు చూసి ఆయన రాసుకున్న 'ఇనుము' అన్న మాటను తొమ్మిదిసార్లు గుండ్రటి అక్షరాలతో సాపు రాసింది కూడా. ఆ సిగ్గు దాటిన మరుక్షణం పటం తెచ్చి నేలమీద పరిచింది.

"అత్తా, నీళ్ళు కనపడిన ప్రతిచోటా వండుతారా?"

"ఎట్ల వండుతామమ్మీ? మొగోళ్ళు శంభో అనుకుంటా ముందర పోతారు. మాకు సంకలో బిడ్డ, నెత్తిన మూట. ఇంక కాళ్ళు రావురా దేవుడా అన్నప్పుడు యాడ నీళ్ళుంటే ఆడ కూలబడతాము. పొద్దున ఒగతూరి, సందకాడ ఒగతూరి. నడమన బుగ్గలుంటే గొంతు తడుపుకొని పోతాండడమే."

"చింతపండు?"

"దారికి గింజ తీయని పండే కట్టుకుంటాము. పులుసుకు పిసికినాక ఆ గింజలు నిప్పుల్లో ఏంచుకొని నమలుతా పోతే నడక తెలీదు. కొన్ని చెదిరిపోతాయి, ఎవురు ఏరతారు?"

ముసలామె మజిలీలు ఒక్కొక్కటీ చెబుతోంది. నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను... చదువు రాని వంకర వేలు గాలిలో దారి గీస్తోంది. కృష్ణవేణమ్మ వేలు పటంమీద ఒక్కో చుక్కనూ తాకుతోంది. తొమ్మిదీ సరిపోయాయి. బిడ్డను ఎత్తుకున్న ఆడది ఒక పూటలో ఎంతదూరం నడవగలదో, చింతచెట్టుకూ చింతచెట్టుకూ మధ్య అంతే దూరం. ఇన్నాళ్ళూ తను చుక్కలు పెట్టింది చెట్లకు కాదు, ఆడవాళ్ళ అలసటకు! ఆమెకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

"ఇంగొకటి మరిచినావే," అంది మద్దమ్మ. "కొలను దిగేముందర ఎడమపక్క సన్నబుగ్గ ఉండాది. ఆడోళ్ళం తానాలకు, చీరలు మార్చుకునేదానికి ఆడికి పోతాము. తానాలయినాక ఆడనే ఇంత పులుసు కాచుకుంటాము. మొగోళ్ళు అడుగుపెట్టరు. మీ మామ బతికినన్నాళ్ళూ చూళ్ళేదు. ఆడ మూడు చింతలుండాయి."

పటంలో అక్కడ ఖాళీ.

సాయంత్రం సంగతి విన్న రామలింగప్ప మొదట నవ్వాడు. తర్వాత రాయిమీద వేలు రుద్ది, నల్లబడిన వేలు చూసుకొని, పటంమీది చుక్కలు ఒక్కొక్కటీ లెక్కపెట్టాడు. ఆ తర్వాత ఆయన సంతోషం చూడాలి! ఇల్లంతా తిరిగాడు. "ఆ పదోచోట కూడా చింతలు కనపడితే ఇంక తిరుగులేదు. నీ పేరు మరచిపోనులే, పుస్తకం చివర్లో భార్య సహకారం అని ఒక ముక్క వేస్తా," అని కృష్ణవేణమ్మతో ధారాళంగా అన్నాడు. "అమ్మా, ఉగాదికి నువ్వూ నేనూ పోదాం."

"నువ్వెట్ల వస్తావు రా? అది ఆడోళ్ళ బుగ్గ," అంది మద్దమ్మ. "కృష్ణవేణి వస్తాది."

"ఆమె వస్తే ఈడ కాగితాలు ఎవరు మారుస్తారు?"

అత్తాకోడళ్ళు ఇద్దరూ ఆయనవైపు చూశారు. మద్దమ్మే ముందు అందుకుంది. "జీవితమంతా కండెలు చుట్టినాను నాయనా. నేసింది మాత్రం మీ నాయన అన్నారు. కండె లేకుండా మగ్గం ఆడతాదా? నేనూ అడగలేదు, ఎవురూ చెప్పలేదు. ఈ పిల్లను మాత్రం నేను తోడుకొని పోతాండా."

కృష్ణవేణమ్మ ఆ రాత్రే గంపలోంచి దారికి చింతపండు తీసి పక్కన పెట్టుకుంది. ఉగాదికి వారం ముందు, ఎమ్మిగనూరు జనం శ్రీశైలం పోతూ వీధిలో ఆగినప్పుడు ఆమె కూడా బయలుదేరింది. నెత్తిన మూట, మూటలో పాత పేపర్లు, చీటీలు, గింజ తీయని చింతపండు. గడపలో నిలబడ్డ భర్తతో, "కాగితాలు మార్చేది మరిచిపోవద్దు. మీకేముంది, ఇంటిపట్టునే ఉంటారు గదా," అంది. ఆయన నవ్వేసి తలూపాడు.

ఆత్మకూరు దాటాక తుమ్మలూ బలుసు కంపలూ పలచబడి అడివి చిక్కనైంది. నల్లమద్ది, తిరుమాను, వెదురు... ఎండుటాకులుగా ఎరిగిన వాళ్ళందరూ నిలువెత్తున ఎదురువస్తుంటే, పుట్టింటి పెళ్ళికి వచ్చినట్టు పేరుపేరునా పలకరించింది. ఒక రాతిగుట్టమీద ఆకు ఒక్కటీ లేని చెట్టు నిండా పసుపుపచ్చటి పూలు. కొండగోగు! నాలుగేళ్ళుగా అట్టమీద గోధుమరంగు పువ్వును కుట్టి 'రంగు: పసుపు' అని రాసింది. పసుపంటే ఇంత పసుపని ఎవరు చెప్పారు? చెట్టుకింద నిలబడి పకపకా నవ్వింది. మద్దమ్మ, "దిష్టి పెడతావు, రామ్మే," అని చెయ్యిపట్టి లాగింది.

ఆడవాళ్ళ బుగ్గ దగ్గర చింతలు రెండే ఉన్నాయి. మూడోది కూలి మొద్దు మిగిలింది. చుట్టూ మసిపట్టిన రాళ్ళు. కొమ్మ విరిచి పేపర్లమధ్య పెట్టి, చీటీ తీసి 'సేకరించినవారు' దగ్గర ఆమె ఒక్క నిమిషం ఆగింది. తర్వాత 'మద్దమ్మ, కృష్ణవేణమ్మ' అని తన గుండ్రటి అక్షరాలతో రాసి, అత్తకు చదివి వినిపించింది. "ఇంగోతూరి చదువు," అంది అత్త.

మరునాడు కొండ ఎక్కుతుంటే ఒక మలుపులో గాలి రివ్వున కొట్టింది. కింద లోయంతా ఒక్కసారిగా తెరుచుకుంది. కృష్ణవేణమ్మ నెత్తిన మూట, చంకన బిందె దించింది.

"అత్తా, ఈడ వండుకుందాం."

"ఈడ బుగ్గ లేదు, నీడా లేదు. ఎవురూ ఆగరు గదమ్మే. కాళ్ళు నొప్పా?"

"నొప్పి లేదు. బిందెలో నీళ్ళుండాయి. నాకు ఈడ శానా బాగుండాది."

మద్దమ్మ కోడలి ముఖంలోకి చూసి, ఇంకేమీ అడక్కుండా మూడు రాళ్ళు ఏరుకొచ్చింది. పులుసు కాగింది, ఇద్దరూ కడుపారా తిన్నారు. గింజల్లో సగం వేయించుకున్నారు. మిగతా సగం కృష్ణవేణమ్మ గుప్పిట్లోకి తీసుకొని, మట్టి మెత్తగా ఉన్నచోటు చూసి, ఒక్కొక్కటీ మడమతో అదిమిపెట్టింది. తొలకరి పడితే ఒకటి రెండైనా మొలవకపోవు. అరవై డెబ్బై ఏళ్ళకు ఎవరో మళ్ళీ ఈ కొండల పటం గీస్తారు. ఈ చుక్క దగ్గర ఆగి నేల తవ్విచూస్తారు, నీళ్ళు వెతుకుతారు, మజిలీల దూరాలు కొలుస్తారు. ఏ లెక్కకూ అందదు. ఇక్కడ చింత మొలవడానికి ఉన్న కారణం ఒక్కటే, కృష్ణవేణమ్మకు ఆ చోటు నచ్చింది.