అమ్మ పెంచిన బాతు

పెద్దింటమ్మ కోడలు పెంచిన బాతు, కోతలైన చేలో మేస్తున్న బాతుల మందలో కలిసి తప్పిపోయింది. కోడలు పోయి ఏడాదైంది. మనవరాలు మంగ ఆ బాతు గుడ్డు తప్ప మరేదీ ముట్టడం లేదు; చేప పెట్టినా, పాలు పోసినా తల తిప్పేసుకుంటోంది. పిల్ల చిక్కిపోతుందన్న దిగులుతో పెద్దింటమ్మ పెదపాడు దాకా మంద వెంట వెళ్లింది.

"మీది ఎలా ఉంటుందండీ?" అన్నాడు మంద కాసే రామకోటి.

"గర్వంగా మెడెత్తి నడుస్తుందండీ."

"అన్నీ అలాగే నడుస్తున్నాయండీ. మీ అంత గర్వం ఉన్నది మాత్రం లేదు."

ఎంత వెతికినా తమ బాతు కనబడలేదు. వట్టి చేతులతో ఇంటికి వెళ్లలేక, అతన్ని అడిగి మరో బాతును తెచ్చుకుంది.

మర్నాడు పొద్దున్నే ఆ కొత్త బాతు గుడ్డు పెట్టింది. పాత బాతు గుడ్లు లేత నీలం. ఇది తెలుపు.

"మామ్మా, గుడ్డు రంగు మారిందేంటే?"

"పరాయి ఊళ్ల తిండి తినొచ్చింది కదే."

"మెడ కూడా పొట్టిదైపోయింది."

"బెంగపెట్టుకుందిలే. తిను."

మంగ మామ్మ ముఖంలోకి చూసి, నవ్వి, గుడ్డంతా తినేసింది. ఆ రోజు నుంచి రోజూ తింటోంది.

అది అమ్మ బాతు కాదని ఇద్దరిలో ఎవరూ ఇంకా అనలేదు.