రొట్టె గుంట

"రొట్టెలకి వెన్న రాయకు. చేతులకి జిడ్డు అంటితే కెమెరా పట్టుకోలేను," అన్నాడు ఇంగ్వార్, వంటింటి గుమ్మంలో నిలబడి.

అప్పటికే ఆల్డా సగం రొట్టెలకి వెన్న రాసేసింది. పొగబెట్టిన గొర్రెమాంసం ముక్కలు వెన్న లేకపోతే పలచటి రొట్టె మీద నిలవవు, జారిపోతాయి. రాసినవి తనకి ఉంచుకుని అతనికి ఎండు రొట్టెలే చుట్టింది. మిగిలిన వెన్నని కాగితంతో సహా తన కోటు జేబులో వేసుకుంది. ఇవాళ దానికి వేరే పని ఉంది.

ఇంగ్వార్ ఓడరేవు ఆఫీసులో పదవీ విరమణ చేసి ఎన్నాళ్లో కాలేదు. ఆఫీసువాళ్లు కేకు పెట్టి పంపించారు, తనకి తాను కెమెరా కొనుక్కున్నాడు. పసిబిడ్డని తెచ్చినట్టు దాన్ని గుండెలకి హత్తుకుని ఇంటికి తెచ్చాడు. సోఫాలో దాని పక్కన ఆల్డా కూర్చోబోతే "అయ్యో, చూసుకో!" అన్నాడు. ఆమె వెళ్లి పీట మీద కూర్చుంది. దాంతో తీసే మొదటి మంచి ఫోటో మీవాత్న్ సరస్సు పక్కనున్న అగ్నిపర్వతానిదే కావాలని అతని పట్టు. ఎప్పుడో చల్లారిపోయిన కొండ. నల్లగా, గుండ్రంగా, పెద్ద గిన్నెలా ఉంటుంది.

ఆల్డా పుట్టింది ఆ సరస్సు ఒడ్డునే. అక్కడ నేల కిందనుంచి ఆవిరి వస్తుంది. వేడి మట్టిలో గుంటలు తీసి, రై అనే ధాన్యం పిండి, బెల్లంపాకం కలిపిన ముద్దని డబ్బాలో పెట్టి పాతేస్తారు. మూత వేసి, రాళ్లు పేర్చి, మర్నాడు తీస్తారు. ఒక్కో గుంటా ఒక్కో ఇంటి ఆడవాళ్లది. ఆల్డా తల్లి గుంట ఇప్పుడు హెర్డీస్ పిన్ని చేతిలో ఉంది. పిన్నికి మోకాళ్లు పోయాయి. వచ్చే నెల వృద్ధాశ్రమానికి మారుతోంది. పోయినవారం ఫోన్ చేసింది.

"ఇదిగో అమ్మడూ, ఒక చలికాలం వాడకపోతే గుంట పూడుకుపోతుంది. నువ్వు తీసుకుంటావా, పక్క గుంట గున్వోర్ చేతిలో పెట్టెయ్యనా? అది గద్దలా కాచుకుని కూర్చుంది. తీసుకుంటే మా ఇల్లూ నీదే అనుకో, వారానికి రెండు రోజులైనా వచ్చి ఉండాలి మరి. రొట్టె పెట్టి ఉంచుతాను. వచ్చి నీ చేత్తో తీసి, అప్పుడు చెప్పు."

ఈ సంగతి ఇంగ్వార్‌తో చెప్పడానికి మూడుసార్లు నోరు తెరిచింది. రెండుసార్లు అతను కెమెరా పుస్తకం చదువుతున్నాడు. మూడోసారి విన్నాడు. "రొట్టె బేకరీలో దొరుకుతుందిగా," అన్నాడు.

బయట కారు అద్దాల మీద మంచు గడ్డకట్టి ఉంది. ఇంగ్వార్ ముందు ఆమె కూర్చునే వైపు అద్దం గీకి, తర్వాతే తన వైపుకి వెళ్లాడు. పెళ్లయిన నాటి నుంచీ అంతే. ఆల్డా అది గమనించింది. ఆమె అన్నీ గమనిస్తుంది. మనిషి చెడ్డవాడైతే ఇంత కష్టం ఉండేది కాదని కూడా అనుకుంది.

దారి పొడుగునా ఇంగ్వార్ వెలుతురు గురించి మాట్లాడాడు. ఆమె వింటూ, "ఆల్డా ఉందిగా" అన్న మాట తన గురించి మొదటిసారి ఎవరన్నారో గుర్తు తెచ్చుకుంటోంది. అత్తగారు మంచం పట్టినప్పుడు అన్నదమ్ములు ముగ్గురూ కాఫీ తాగుతూ ఎవరు చూసుకోవాలా అని తలలు పట్టుకున్నారు. చివరికి ఇంగ్వారే తేలిగ్గా అన్నాడు, "ఆల్డా ఉందిగా." ఆరేళ్లు ఆ మంచం పక్కనే ఉంది. ఆమె తువ్వాళ్లిచ్చే ఈతకొలను ఆఫీసులోనూ పండగ పూట ఎవరు డ్యూటీకి వస్తారంటే అందరి తలలూ ఆమె వైపే తిరుగుతాయి. ఆల్డా ఉందిగా. ఉండటమే ఆమె పని అయిపోయింది. ఎక్కడ ఉందో, ఎలా ఉందో ఎవరూ అడగరు. చివరికి ఆమెకీ అడగాలని తోచడం మానేసింది.

గుంటల దగ్గర కారు ఆపమంది. ఆపాడు. పిన్ని ఇంకా రాలేదు, మధ్యాహ్నానికి వస్తానంది. ఎర్రమట్టి మీద తెల్లటి ఆవిరి చూడగానే ఇంగ్వార్ కళ్లు మెరిశాయి.

"ఇది మీ అమ్మదేగా? ఆ మూత కాస్త ఎత్తు."

"మధ్యలో ఎత్తకూడదు. వేడి పోతుంది, లోపల పచ్చిగా ఉండిపోతుంది."

"ఒక్క క్షణం! ఆవిరి గుప్పున పైకొస్తుంది, అదీ ఫోటో అంటే. రొట్టెకేం కాదులే."

చిన్నప్పుడు ఇదే మూత ఎత్తబోతే అమ్మ ఆమె చేతి మీద ఒక్కటి వేసింది. ఆ దెబ్బ అరచేతికి ఇంకా గుర్తుంది. అయినా ఆల్డా వంగింది. రాళ్లు తీసింది, మూత ఎత్తింది. ఆవిరి మొహాన కొట్టింది.

"ఇంకొంచెం పైకి. నీ మొహం పక్కకి తిప్పు. ఆఁ, బాగుంది. ఇంకొక్కటి."

ఒక్క క్షణం కాలేదు, చాలాసేపే అయింది. మూత దించి మళ్లీ రాళ్లు పేర్చింది. ఇంగ్వార్ అప్పటికే కారులో ఉన్నాడు.

కొండ అంచుకి ఎక్కేటప్పుడు భోజనం సంచీ, ఫ్లాస్కు, కెమెరా కాళ్ల స్టాండు, కారు తాళాలు, అన్నీ ఆమె దగ్గరే. పైన గాలి చెవులు కోసేస్తోంది. లోపల నల్లటి లోతు, అవతల అంచు ఎక్కడో దూరంగా.

"అదిగో, ఆ మలుపు దాకా వెళ్లి నిలబడు," అన్నాడు. "పక్కన మనిషి లేకపోతే ఇదెంత పెద్దదో ఫోటోలో తెలియదు. నా వైపు చూడకు. మొహం అక్కర్లేదు, వెనక్కి తిరిగి ఉండు."

వెళ్లింది, తిరిగి నిలబడింది. వచ్చాక అతను కెమెరా వెనకున్న చిన్న తెరలో చూపించాడు. నల్లటి అంచు మీద ఎర్రటి చుక్క.

"చూశావా? కోటు కొన్నప్పుడే అనుకున్నాను. నల్ల కొండ మీద ఎరుపు ఎంత దూరాన్నుంచైనా కనిపిస్తుంది."

ఆ కోటు వేసవిలో ఆమె పుట్టినరోజుకి కొన్నాడు. ఎరుపు తనకి నప్పుతుందని ఇన్నేళ్లకి చూశాడే అని ఆమె ఆ రోజు అద్దం ముందు ఎంతసేపు నిలబడిందో అతనికి తెలియదు. ఇప్పుడు ఆ తెరలో తనని వెతుక్కుంది. వేలు పెడితే కప్పబడిపోయేంత ఉంది.

"ఇప్పుడు అవతల వైపుకి వెళ్లు. మబ్బు తొలగగానే చెయ్యి ఊపుతాను."

ఆల్డా సంచీని అతని స్టాండు పక్కన దించింది. తాళాలు సంచీ పైన, కనబడేలా పెట్టింది. నడవడం మొదలుపెట్టింది. కానీ అంచు వెంట కాదు, కిందికి. ఇంగ్వార్ మబ్బుని చూస్తున్నాడు.

నడిచి నడిచి గుంటల దగ్గరికి చేరేసరికి పిన్ని మడత కుర్చీలో, మోకాళ్ల మీద దుప్పటి కప్పుకుని ఉంది.

"రాళ్లు నేను పేర్చినట్టు లేవే," అంది, పలకరింపు కూడా లేకుండా.

"నేనే ఎత్తాను పిన్నీ. ఫోటో కోసం." చలికి కారుతున్న ముక్కు ఎగబీల్చింది. "ఎత్తకూడదని తెలుసు. అయినా ఎత్తాను. గుంట గున్వోర్‌కే ఇచ్చెయ్యి. నాకు ఒక్క మూత కాపాడుకోవడం చేతకాలేదు."

పిన్ని ఆమెని పైనుంచి కిందిదాకా చూసింది. "ముక్కు తుడుచుకో ముందు. మీ అమ్మ కొత్తగా పెళ్లయినప్పుడు మీ నాన్నకి చూపించాలని రెండుసార్లు ఎత్తింది. పెద్ద మొనగత్తె మరి! తిట్లు తింది, మళ్లీ మూసి కాసుకుంది. పచ్చిగా ఉంటే ఏం చేస్తాం? ఇంకాసేపు ఉంచుతాం. ఇలా కూర్చో, నేల వెచ్చగా ఉంది."

ఆల్డా కూర్చుంది. కింద నేల నిజంగానే వెచ్చగా ఉంది. పొద్దుటి నుంచీ చలికి బిగుసుకుపోయిన మోకాళ్లు మెల్లగా వదులయ్యాయి. జేబులో వెన్న కరగడం మొదలైంది. ఆమెకి ఏడుపు రాలేదు. ఎవరూ ఏ పనీ చెప్పకుండా కూర్చుని ఎన్నాళ్లయిందో గుర్తు రాలేదు, అంతే.

"గుంట నేనే తీసుకుంటాను పిన్నీ," అంది చాలాసేపటికి.

"తెలుసులే. గున్వోర్‌కి లేదని నిన్ననే చెప్పేశాను."

ఫోన్ మోగింది.

"ఎక్కడున్నావు? మబ్బు తొలగింది! నువ్వు లేకపోతే ఇదెంత పెద్దదో ఎలా తెలుస్తుంది?"

ఆల్డా తలెత్తింది. నల్ల కొండ ఆకాశానికి అడ్డంగా ఉంది. దాని అంచు మీద ఒక మిరియపు గింజ అటూ ఇటూ కదులుతోంది.

"తెలుస్తోంది ఇంగ్వార్. నువ్వు కనిపిస్తున్నావు."

అవతల గాలి హోరులో స్టాండు మడుస్తున్న చప్పుడు వినబడింది.

"రొట్టె దగ్గరున్నావా? సరే, తీసుకుని రా. కింద కారు దగ్గర ఉంటాను."

"ఇంకా ఉడకలేదు. నువ్వు ఇంటికెళ్లు. తాళాలు సంచీ మీద ఉన్నాయి. నేను ఇక్కడుంటాను. అయ్యాక వస్తాను."

"అదే, ఎప్పటికవుతుంది?" అతని గొంతులో కోపం లేదు. దారి తప్పినవాడిలా అడిగాడు.

ఆల్డా మూత మీద అరచెయ్యి ఆనించింది. కింద ఏదో మెల్లగా, తన పని తాను చేసుకుంటోంది.

"చెప్పలేను ఇంగ్వార్. మధ్యలో మూత ఎత్తి చూడకూడదు."