రేపాయన బోర్డు

వాన కొలిచే ఆఫీసు అంటే ఒక గది, ఒక కుర్చీ, పెరట్లో వాననీళ్ళు పట్టే గొట్టం, వీధి గోడకు ఓ నల్లబోర్డు. వీటన్నిటికీ కలిపి ఒక్కడే ఉద్యోగి. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు గొట్టంలోని నీళ్ళు గాజు కొలపాత్రలోకి వంచి, ఎన్ని మిల్లీమీటర్లో పుస్తకంలో ఎక్కిస్తాడు. మధ్యాహ్నం పెద్దాఫీసు ఫోన్ చేసి చెప్పింది బోర్డు మీద రాస్తాడు: "రేపు వాన." విత్తుల కాలంలో ఆ రేపు ఏనాడూ వచ్చిన పాపాన పోలేదు గనుక ఊళ్ళో అందరూ అతన్ని రేపాయన అంటారు. పెళ్ళానికైనా అసలు పేరు గుర్తుందో లేదో అనుమానమే.

ఈసారి మాత్రం ఆ ఎగతాళి అతనికి నవ్వులాటగా లేదు. వాళ్ళక్క సగం చేలో పొడి దుక్కిలోనే విత్తనం వేసేసింది. ఇంట్లో ఉన్న విత్తనమంతా అదే. వారంలో తడి తగలకపోతే చీమలకు విందే. అమ్మ పోయాక తనకు తల దువ్వి బడికి పంపిన అక్క ఆవిడ. రోజూ పొద్దున్నే ఆఫీసు గడపలో కూచుని, "ఏరా, ఏమంటోంది నీ పెద్దాఫీసు?" అని అడుగుతోంది.

ఆ వారమే తనిఖీకి వచ్చిన మేడం పుస్తకం తిరగేస్తూ రిమార్కుల గడి దగ్గర ఆగింది. "ఇదేంటండీ, వాన పడాల్సిన ప్రతిసారీ 'పొగ, ఎదుటి నీళ్ళ ట్యాంకు కనబడలేదు' అని రాశారు?"

"కనబడలేదండీ, రాశాను."

"ఎవరు తగలబెడుతున్నారు?"

"అందరూనండీ. కోతయ్యాక చేలో కొయ్యకాళ్ళు మిగులుతాయి కదా, తడిస్తే ఇక అంటుకోవు. అందుకని వానొస్తుందంటే చాలు, ముందురోజే అంటించేస్తారు."

"వానొస్తుందని వాళ్ళకెలా తెలుసు?"

రేపాయన కిటికీలోంచి బోర్డు వైపు చూశాడు. మేడం కూడా చూసింది.

"మబ్బులో నీళ్ళు నలుసుల చుట్టూ చేరి చినుకులవుతాయి," అంది మేడం. "పొగతో నలుసులు మరీ ఎక్కువైతే, పదిమందికి వండిన అన్నం వందమందికి వడ్డించినట్టే. ఏ చినుకూ కింద పడేంత బరువెక్కదు. అదే కారణమని గట్టిగా చెప్పలేనండీ. కావచ్చు." టీ తాగి వెళ్ళిపోయింది.

ఆ 'కావచ్చు' రేపాయనకు ముల్లులా గుచ్చుకుంది. ఇన్నాళ్ళూ తన చేత్తో, తన సుద్దముక్కతో అక్క చేలో పడాల్సిన వానని తరిమేశాడన్నమాట. పైగా గుండ్రటి అక్షరాలతో! దస్తూరీ బాగుందని మెచ్చి ఇచ్చిన ఉద్యోగం మరి.

రెండోరోజు ఫోన్ వచ్చింది: రేపు వర్షం. రేపాయన "రేపు వాన లేదు" అని రాశాడు. తెలిసి రాసిన మొదటి అబద్ధం అది.

తొందరేముందిలే అని ఊరు ఊరంతా అగ్గిపెట్టెలు గూట్లో పెట్టేసింది. మర్నాడు సాయంత్రం ఆకాశం నల్లబడి కుమ్మరించింది. పొద్దున్నే కొలిస్తే పదిహేడు పాయింట్ రెండు మిల్లీమీటర్లు. రేపాయన మూడుసార్లు చూసుకుని, పిచ్చివాడిలా ఒక్కడే నవ్వుకున్నాడు.

అక్క చేలో మొలకలొచ్చాయి. మిగతా ఊరు మాత్రం, తడిసిన కొయ్యకాళ్ళు ఎండేదాకా, రోజుకొకరు చొప్పున వచ్చి అతనికి గడ్డి పెట్టి వెళ్ళారు. అక్కకూ మిగతా సగం చేలో కొయ్యకాళ్ళున్నాయి. అయినా పల్లెత్తు మాట అనలేదు సరికదా, "వాన వచ్చింది కదా, ఇంకేం కావాలి మీకు?" అని తమ్ముణ్ణి వెనకేసుకొచ్చింది. అసలు సంగతి ఆవిడకు చెప్పేద్దామని నాలుక చివరిదాకా వచ్చింది రేపాయనకు. ఉద్యోగం గుర్తొచ్చి మింగేశాడు. మహానుభావుడు, మింగడానికి అదే దొరికింది.

ఇరవై రోజులకు మొలకలు జానెడెత్తు లేచి, రెండో వాన కోసం ఆకులు ముడుచుకున్నాయి. అప్పుడు ఫోన్: రేపు భారీ వర్షం. రేపాయన గుండె రాయి చేసుకుని మళ్ళీ రాశాడు: "రేపు వాన లేదు."

తాళం వేసి సందు తిరిగేసరికి పొగ. ట్యాంకు అప్పుడే సగం మాయమైంది. అందరికంటే ముందు అంటుకున్నది అక్క చేలో విత్తని సగమే. గట్టు మీద నిలబడి చేటతో మంట విసురుతోంది.

"అక్కా! ఏం చేస్తున్నావు? బోర్డు చూళ్ళేదా?"

"చూశాకే వచ్చాన్రా. నువ్వు ఉందంటే రాదు, లేదంటే వస్తుంది. పోయినసారి తేలిపోయింది కదా. ఇంటింటికీ వెళ్ళి నేనే చెప్పొచ్చా, త్వరగా కానివ్వండని." చెమట తుడుచుకుని గర్వంగా చూసింది. "ఎవరేమన్నా అననీ. నీ బోర్డు చదవడం నాకొచ్చు."

మర్నాడు మబ్బులొచ్చాయి, ఊరి మీద కాసేపు ఆగాయి, వెళ్ళిపోయాయి. ఆ తర్వాతి ఉదయం ఎనిమిదిన్నరకు రేపాయన ఖాళీ గొట్టాన్ని అలవాటుగా కొలపాత్రలోకి వంచాడు. వీధిలో ఇద్దరు బోర్డు ముందు ఆగి, "ఇన్నాళ్ళకు నిజం రాశాడ్రా రేపాయన," అని మెచ్చుకున్నారు.

అక్క వాడిన మొలకొకటి పట్టుకుని వచ్చి గడపలో కూచుంది. "ఎందుకురా రాలేదు?"

రేపాయనకు ఏడుపొచ్చింది. పక్కన కూచుని మొదటినుంచీ చెప్పాడు, మేడం మాటలూ, పొగా, రెండు అబద్ధాలూ. అక్క అడ్డు రాకుండా విన్నది.

"నాకొక్కదానికి చెప్పి ఉంటే కాల్చేదాన్నా?" అంది. మొలకను అతని బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

రేపాయన పుస్తకం తెరిచి సున్నా పాయింట్ సున్నా అని ఎక్కించాడు. రిమార్కుల గడిలో రాశాడు: పొగ, ట్యాంకు కనబడలేదు.